పుట్టనే పుట్టని గంగాధరరావు

కందగట్ల రాజ్యశ్రీ దగ్గర ఎవరైనా నోరు జారి "కడుపులో నొప్పిగా ఉంది" అన్నారంటే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఎప్పటి నుంచి? కుడివైపా, ఎడమవైపా? ఎవరు చూశారు? చూసి చెప్పారా, ఊహించి చెప్పారా? డ్యూసెల్‌డార్ఫ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శనివారం విందులకు ఆమె వస్తోందని తెలిస్తే జలుబు చేసినవాళ్ళు కూడా ముక్కు తుడుచుకుని నిటారుగా కూర్చునేవారు. భర్త రవీంద్రనాథ్ కాపురంలో ఒక నేర్పు సంపాదించాడు. తలనొప్పి రాగానే ముందు గడియారం చూసుకుని, ఆ తర్వాతే భార్యకు చెప్పేవాడు.

ఆమె పుట్టుకతోనే అలాంటిదేం కాదు. హనుమకొండలో పళ్ళ డాక్టరుగా పనిచేసిన రోజుల్లో, గుట్కా నమిలి నమిలి నోరు తెరవలేని స్థితిలో మనుషులు వచ్చేవారు. అనుమానం ఉన్నవాళ్ళను పెద్దాసుపత్రికి పంపేది. తర్వాత వాళ్ళు ఏమయ్యారో కబురు ఉండేది కాదు. "మన జిల్లాల ఇట్లాంటోళ్ళు ఎంతమంది ఉంటరు సార్?" అని ఒకరోజు సీనియర్‌ని అడిగింది. "చాలామంది ఉంటరమ్మా" అన్నాడాయన, టీ ఊదుకుంటూ. 'చాలామంది' అనేది ఏ అంకెలోకి వస్తుందో ఆమెకు బోధపడలేదు. ఆ మాట చాలాకాలం ఆమెను వదల్లేదు.

పెళ్ళయ్యాక జర్మనీ వచ్చింది. ఇక్కడ పళ్ళు ముట్టుకోవాలంటే మళ్ళీ బోలెడు పరీక్షలు రాయాలి. భాష నేర్చుకుంటూ ఉద్యోగం వెతుకుతుంటే క్యాన్సర్ రిజిస్ట్రీలో చోటు దొరికింది. రాష్ట్రంలో ఎవరికి క్యాన్సర్ వచ్చినా ఆసుపత్రులు చట్టం ప్రకారం ఆ ఆఫీసుకి నివేదిక పంపాలి. ఏ అవయవానికి వచ్చింది, ఎప్పుడు బయటపడింది, ఏ వైద్యం చేశారు అన్నవి అక్కడివాళ్ళు చదివి కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. రోగి ముఖం చూసే పని లేదు. కానీ ఇక్కడ 'చాలామంది' అంటే ఒప్పుకోరు. మొదటి వారంలోనే రాజ్యశ్రీకి ఆ ఆఫీసు పుట్టిల్లులా అనిపించింది. కొన్నేళ్ళు తిరిగేసరికి కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఆమె మీదే పడింది.

ఈ ఏడు ఆమెకు ఇద్దరు దొరికారు. ఒకడు విశ్వతేజ. సిద్దిపేట కుర్రాడు, జర్మనీలోనే కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ చేసి వచ్చాడు. మంచివాడు, ఎవరు దారి అడిగినా తెలియదనడు. తెలియని దారైనా సరే, చెయ్యి చాపి ఏదో ఒక దిక్కు చూపించి పంపిస్తాడు. రెండో మనిషి ఎల్కే బ్రొమ్మర్. యాభై దాటిన జర్మన్ ఆవిడ. అంతకుముందు కస్టమ్స్‌లో పనిచేసింది. ప్రతి నివేదికనూ విమానాశ్రయంలో పెట్టెను సోదా చేసినట్టు అడుగుదాకా తిరగేసేది.

రెండో వారంలో రాజ్యశ్రీ విశ్వతేజ పనిని సరిచూడటానికి కూర్చుంది.

"తమ్ముడూ, ఈ తాత ఊపిరితిత్తుల ఎక్స్‌రే కాన్పుల వార్డుకి ఎట్ల పోయింది?"

"ఓ.బి. అని రాసిండ్రు కదక్కా. ఓబీ అంటే ఆబ్‌స్టెట్రిక్స్ కాదా?"

"డెబ్బై ఏళ్ళ ముసలాయనకు కాన్పేంది? జర్మన్‌ల ఓ.బి. అంటే పరీక్షల ఏం కనబడలే అని. మరి ఇది? ఇక్కడ ఒక్కళ్ళకు గూడ జబ్బు ఖాయం కాలే. నువ్వేమో అందరికీ ఖాయం చేసినవ్!"

"వి.ఎ. అని ఉందక్కా. వెరీ అర్జెంట్ అనుకున్న."

"అనుమానం ఉంది అని దానర్థం! అనుమానం మాత్రమే!"

విశ్వతేజ తల గోక్కున్నాడు. రాజ్యశ్రీ కింది గడి చూపించింది. కణితి ఏ వైపున ఉందో నివేదికలో లేదు. విశ్వతేజ 'ఎడమ' అని నింపేశాడు.

"ఎడమ అని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. ఖాళీగ వదిలేస్తే బాగుండదని..."

"తెలియదు అన్నదానికి గూడ ఓ గడి ఉంది. అది నొక్కు. నువ్వు మర్యాదకు నింపినదాన్ని రేపు ఎవరో డాక్టర్ నిజమనుకొని లెక్క కడ్తడు. ఆ లెక్క చూసి ఇంకెవరికో మందు రాస్తరు. ఈడ ఒక్కో లైను ఒక్కో మనిషి, తమ్ముడూ."

విశ్వతేజ ముఖం చిన్నబోయింది. 'ఎడమ' చెరిపి 'తెలియదు' నొక్కాడు.

ఎల్కేతో బాధ వేరే రకం. ఆమె ఏదీ ఊహించదు, ఏదీ ముందుకు కదలనివ్వదు. నివేదికలో తేదీ ఉంటే, అది కణితి ముక్క తీసిన తేదీయా లేక డాక్టర్ సంతకం పెట్టిన తేదీయా అని ఆసుపత్రికి ఫోను చేసేది. వాళ్ళు చెప్పాక, చెప్పిన మనిషి హోదా ఏమిటని అడిగేది. చివరికి ఒక ఆసుపత్రి నుంచి రాజ్యశ్రీకే ఫోనొచ్చింది. "శ్రీమతి కందగట్ల గారూ, దయచేసి మీ కస్టమ్స్ ఆవిడని కాస్త ఆపండి. మా సెక్రటరీ ఫోను మోగితే ఏడుస్తోంది."

ఒకరు చూడకుండానే గేటు తీసేస్తారు, ఇంకొకరు చూసినా తియ్యరు. ఇద్దరికీ పనికొచ్చే అభ్యాసం ఒకటి తయారు చెయ్యాలని రాజ్యశ్రీ ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక రోగిని సృష్టించింది. నిజమైన జర్మన్ ఎవరితోనూ కలిసిపోకూడదని పేరు గంగాధరరావు అని పెట్టింది. గుంటూరు మిర్చి వ్యాపారి. లేని ఊరు పెడితే కంప్యూటర్ తీసుకోదు కాబట్టి నివాసం మాత్రం ఎర్లెన్‌బ్రుక్ అనే చిన్న ఊళ్ళో ఇచ్చింది. ఎక్కడా లేని ఆసుపత్రి ఒకటి కట్టించింది. గుండె కండరానికి లక్షల్లో ఒకరికి వచ్చే అరుదైన కణితి అంటగట్టింది. నివేదిక పైన ఒక తేదీ, కింద ఒక తేదీ పెట్టి, పేరును మూడు చోట్ల మూడు రకాలుగా రాసింది.

రవీంద్రనాథ్ భుజం మీదుగా తొంగి చూశాడు. "పాపం, ఎవరండీ ఈయన?"

"ఎవరూ లేరు. ఇప్పుడే పుట్టిచ్చిన."

"పుట్టిన పూటే ఇన్ని జబ్బులా?" అని ఆయన జాలిపడుతూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎల్కే పళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని రాలేదు. విశ్వతేజ ఒక్కడే కూర్చున్నాడు. అభ్యాసానికి వేరే తెర ఉంటుంది. చూడటానికి అచ్చం అసలు తెరలాగే ఉంటుంది, మూలన చిన్న అక్షరాలతో 'శిక్షణ' అన్న మాట తప్ప. రాజ్యశ్రీ పొద్దున ఒక నిజమైన రోగి వివరాలు దిద్దుతూ అసలు తెరను తెరిచి పెట్టుకుంది. విశ్వతేజ దాని ముందే కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ రోజు వాడు అద్భుతం చేశాడు. మూడు పేర్లూ ఒక్కరివేనని పట్టుకున్నాడు. రెండు తేదీల్లో సరైనది ఎంచాడు. 'ఏ వైపు' అన్న గడి దగ్గర కాసేపు ఆగి, గుండె అంటే ఎడమేగా అని గొణిగి, మళ్ళీ నాలుక కరుచుకుని 'తెలియదు' నొక్కాడు. రాజ్యశ్రీకి కళ్ళు చెమర్చినంత పనైంది. "శభాష్ తమ్ముడూ!" అని తానే వంగి, 'భద్రపరచు' అన్న మీట నొక్కింది.

అలా గంగాధరరావు జర్మనీ లెక్కల్లోకి వచ్చేశాడు.

కొన్ని నెలలు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఆఫీసు పెద్ద డాక్టర్ హెన్‌ష్కే అందర్నీ సమావేశానికి పిలిచాడు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆయన మామూలుగా గొంతు పెంచి మాట్లాడడు. ఆ రోజు మాత్రం కళ్ళు మెరుస్తున్నాయి. గోడ మీద గ్రాఫ్ వేశాడు. అందులో ఒక గీత ఆకాశంలోకి లేచింది.

"ఎర్లెన్‌బ్రుక్‌లో గుండె కణితులు ఒక్క ఏడాదిలో నూటికి నూరు శాతం పెరిగాయి! నిరుడు ఒకటి, ఈ ఏడు రెండు. అక్కడ మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ ఒకటి ఉంది. నేల పరీక్ష చేయించాలని నగరపాలికకు చెప్పబోతున్నాను."

రాజ్యశ్రీ శ్రద్ధగా రాసుకుంటోంది. ఎర్లెన్‌బ్రుక్ అన్న పేరు ఎక్కడో విన్నట్టుందని మాత్రం అనుకుంది.

ఎల్కే చెయ్యెత్తింది. "డాక్టర్ గారూ, ఆ రెండో రోగి మీద నాకు అనుమానం ఉంది. ఆయన్ని చూసిన ఆసుపత్రికి ఫోను చేద్దామంటే అసలు ఆ ఆసుపత్రే లేదు. ఊరి నమోదు కార్యాలయానికి రాశాను. అలాంటి మనిషి ఆ ఊళ్ళో ఎప్పుడూ లేడన్నారు."

"వెళ్ళిపోయి ఉంటాడు. అయితే వెంటనే వెతకాలి! పేరేమిటి?"

ఎల్కే కళ్ళజోడు సర్దుకుని కాగితం మీది పేరును కూడబలుక్కుంది. "ఘంగా... ధారా... రా... ఓ."

రాజ్యశ్రీ రాసుకుంటున్న పుస్తకం మూసేసింది. పక్కనే ఉన్న విశ్వతేజ పాలిపోయి, చెవి దగ్గరకి వంగాడు.

"అక్కా, మన మిర్చి సేటే కదా?"

"నోరు మూస్కో."

"నా మీద ఏసెయ్ అక్కా. కొత్తోన్ని, ఏమనరు."

అది మంచి సలహానే. విశ్వతేజ ముఖంలో ఎక్కడా కపటం లేదు, నిజంగానే మోస్తానంటున్నాడు. రాజ్యశ్రీ ఒక్క క్షణం గోడ మీద గీతను చూసింది. ఆ గీత అలా లేచింది తన వేలు నొక్కిన మీటతోనే కదా అనుకుంది. లేచి నిలబడింది.

"డాక్టర్ గారూ, ఆయన దొరకడు."

"అయ్యో, చనిపోయాడా?"

"లేదు. పుట్టలేదు."

రాజ్యశ్రీ అంతా చెప్పింది. వంటింటి బల్ల, రెండు తెరలు, శభాష్ అంటూ తాను నొక్కిన మీట. డాక్టర్ హెన్‌ష్కే చాలాసేపు గ్రాఫ్ వైపే చూశాడు. రంగుల ఫ్యాక్టరీ ఆయన చేతిలోంచి జారిపోతున్నట్టుంది. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"ఒక్క అనుమానం. గుండెకి ఏ వైపు అన్న గడిలో 'తెలియదు' అని ఉంది. అది ఎవరు పెట్టారు?"

విశ్వతేజ భయం భయంగా చెయ్యెత్తాడు.

"చాలా సరిగ్గా పెట్టారు" అన్నాడు డాక్టర్. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదిలో నవ్వును ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎల్కే ఒక్కతే నవ్వలేదు. తన అనుమానం రుజువైందని సంతృప్తిగా కాగితాలు సర్దుకుంటోంది.

ఆ సాయంత్రం రాజ్యశ్రీ తలనొప్పితో ఇల్లు చేరింది. "ఎప్పటి నుంచి? కుడివైపా, ఎడమవైపా?" అని రవీంద్రనాథ్ గంభీరంగా అడిగాడు. దిండు విసిరికొట్టింది. కథంతా విన్నాక ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తానూ నవ్వేసింది.

గంగాధరరావును లెక్కల్లోకి తెచ్చినంత తేలిక కాలేదు తీసెయ్యడం. ఒకరిని తొలగించాలంటే కంప్యూటర్ కారణం అడుగుతుంది. మరణించాడు, రాష్ట్రం వదిలి వెళ్ళాడు, నమోదుకు అభ్యంతరం చెప్పాడు. అంతే, ఇంకో దారి లేదు. ముగ్గురూ తెర ముందు తలలు పట్టుకున్నారు.

"సచ్చిండని పెడ్దాం అక్కా, పీడ పోతది."

"అప్పుడు గుండె కణితి చావులు నూరు శాతం పెరుగుతై. డాక్టర్ సారు మళ్ళీ గ్రాఫ్ గీస్తడు."

"వెళ్ళిపోయాడని పెడదామా?" అని ఎల్కే తానే అని, తానే తల అడ్డంగా ఊపింది. "వద్దు. కంప్యూటర్ ఆయన్ని పక్క రాష్ట్రం రిజిస్ట్రీకి పంపిస్తుంది. పాపం, వాళ్ళేం చేశారు?"

అభ్యంతరం చెప్పడానికి మనిషే లేడు. ఎల్కే ఫోను అందుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేసింది. వాళ్ళ సెక్రటరీ ఏడ్చిందో లేదో తెలియదు గానీ, వేసవి అయ్యేసరికి 'పొరపాటు నమోదు' అన్న కొత్త కారణం వచ్చి చేరింది. శిక్షణ తెర అంతా కమలాపండు రంగుకి మారింది. కళ్ళు మూసుకున్నా తెలిసేంత రంగు.

తొలగించే రోజున ఎల్కే ఇంటి నుంచి పిండి, వెన్న, చక్కెర కలిపిన పలుకులు పైన చల్లిన పెద్ద కేకు తెచ్చింది. జర్మన్లు అంత్యక్రియలయ్యాక కాఫీతో తినేది అదేనట.

విశ్వతేజ డబ్బా మూత తీశాడు. "మన దిక్కు దినానికి గారెలు కదక్కా. రాత్రి పప్పు నానేసిన."

"మనిషే లేకపాయె, దినమేంది?" అంటూనే రాజ్యశ్రీ ఒకటి తుంచుకుంది. ఉప్పు సరిపోయింది. మీట నొక్కింది. గంగాధరరావు పోయాడు.

అటుగా వచ్చిన డాక్టర్ హెన్‌ష్కే ఇవాళ ఏం విశేషమని అడిగాడు. చెప్పారు. ఆయన ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాడు, మరి శ్రద్ధాంజలో, ఆకలో. తర్వాత మధ్యలో చిల్లున్న ఆ వంటకం ఏమిటని కనుక్కుని, ఒకటి తిని, ఇంకో రెండు కాగితం రుమాల్లో చుట్టుకుని తన గదికి వెళ్ళిపోయాడు.