జొన్నపిండి చెయ్యి

పొద్దున ఎనిమిదిన్నరకు రాహేలమ్మ జొన్నపిండిలో వేణ్ణీళ్లు పోసి పిసకడం మొదలుపెట్టేది. సరిగ్గా చెయ్యి మణికట్టు దాకా పిండిలో మునిగాక ముందుగదిలోంచి మొగుడు మత్తయ్య కేక వచ్చేది.

"ఓ రాహేలూ! జర చెయ్యి పట్టుకరా!"

కడుక్కొని పోతే ఒప్పుకునేవాడు కాదు. పిండిచేత్తోనే పోయి, బల్ల మీద పెట్టిన ఖాళీ పిస్తోలు గొట్టం మీద ముందుకూ వెనక్కూ జరిగే ఇనప తొడుగును వెనక్కి లాగాలి. వస్తే "చాలు, పో" అనేవాడు. జారితే "మల్ల లాగు" అనేవాడు. వివరం అడిగితే మీసంలో నవ్వేవాడు. ఆ తర్వాత బల్లకు అంటిన పిండిముద్రలు తుడవడం కూడా ఆమె పనే. "పల్టన్‌ల నీకెవ్వరు దొరకలేదని నా పానం తీస్తున్నవా?" అని గొణుగుతూ తుడిచేది.

ఆరు నెలలుగా ఆ కేక లేదు. వానాకాలంలో, మూడు రోజుల జ్వరానికి మత్తయ్య పోయాడు. రాహేలమ్మ మాత్రం ఇప్పటికీ ఇద్దరికి సరిపడా పిండి కలుపుతుంది. మచ్చ లేని బల్లను రోజూ తుడుస్తుంది.

మత్తయ్య పల్టన్‌లో సైనికుల తుపాకులు బాగుచేసేవాడు. అరవై తొమ్మిదిలో పెన్షన్ మీద వికారాబాద్ వచ్చి, లైసెన్సు తీసుకొని, ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టాడు. తాండూరు నాపరాయి గనుల వాళ్లు, బషీరాబాద్ పటేళ్లు ఆయన చూసి సరేనంటేనే పిస్తోలు కొనేవాళ్లు. ఒక పటేలు కొత్త పిస్తోలు పంచె ముడిలో దోపుకొని పెళ్లికి పోతే, అక్షింతలు వేయబోయేసరికి ఆ బరువుకు పంచె కాస్తా జారిపోయింది. అప్పటినుంచి కొనవచ్చిన ప్రతివాడికీ మత్తయ్య ఒకటే మాట: "ముందుగాల గట్టి బెల్టు కొను పటేలా!"

సమాధి దగ్గర పాస్టరుగారు "మన మత్తయ్య ప్రభువు దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నాడు" అంటే రాహేలమ్మ తలొంచుకొని విన్నది. విశ్రాంతా? ఈపాటికి పరలోకం వాకిట కాపలా ఉండే పేతురు చేతిలోంచి తాళాలు గుంజుకొని, ఆ తలుపుకు నూనె పెడుతుంటాడు అనుకుంది. ఆ సంగతి చెప్పి నవ్వుదామంటే చెప్పాల్సిన మనిషే పెట్టెలో ఉన్నాడు.

ఇప్పుడు లైసెన్సు మరిది కొడుకు బాల్‌రాజ్ పేరు మీద ఉంది. పెద్దబాపు దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చినవాడు. ఆ మంగళవారం తన పేరు మీద మొదటి బేరం వచ్చింది. తాండూరు గని యజమాని మల్లప్ప, ఆయన వెంట హైదరాబాద్ తుపాకుల దుకాణం మనిషి నిసార్, నిసార్ సంచిలో రెండు పిస్తోళ్లు. మల్లప్పకు ఒక్కటే కావాలి. ఆదివారం క్లబ్బులో గురి చూసి కాల్చడానికీ అదే, ఒంటిమీద ఉంచుకోవడానికీ అదే. మొన్న బషీరాబాద్ తొవ్వలో ఎవరో ఆయన జీపు మీద రాళ్లు రువ్వారు. ఇక్కడ మాట తప్పయితే మల్లప్ప ప్రాణానికే ముప్పు. ఆ తర్వాత మత్తయ్య దుకాణం గడప తాండూరు వాళ్లెవరూ తొక్కరు.

రాహేలమ్మ వంటింట్లో పిండి పిసుకుతూ వింటోంది.

ఒకటి తెల్లది, నికెల్ మెరుపు, పొడుగు గొట్టం. రెండోది నల్లగా, పొట్టిగా, కాలిన పెనం ముక్కలా ఉంది. బాల్‌రాజ్ రెండింటి మ్యాగజీన్లూ తీసి, లోపల గుండు లేదని చూసుకొని, గొట్టం కొస మీద పదిపైసల బిళ్ల నిలబెట్టాడు. నొక్కినప్పుడు గొట్టం ఎంత అదురుతుందో చూడడానికి ట్రిగ్గరు నొక్కాడు. తెల్లదాని మీద బిళ్ల కదల్లేదు. నల్లదాని మీది బిళ్ల ఎగిరి మల్లప్ప చెప్పులో పడింది.

"తెల్లదే తీస్కోండ్రి. ట్రిగ్గరు వెన్న లెక్కనుంది," అన్నాడు బాల్‌రాజ్.

"నేన్ జెప్పలే సేఠ్? హీరో పిస్తోల్ అది!" అన్నాడు నిసార్.

రాహేలమ్మ చెయ్యి పిండిలో ఆగిపోయింది. పన్నెండేళ్లలో గిరాకీ ముందు ఆమె నోరు విప్పింది లేదు. ఇప్పుడు విప్పితే పిల్లవాడి పరువు పోతుంది. విప్పకపోతే? పిలిచే మత్తయ్య కేక రాలేదు. ఈ పిస్తోళ్లకు ఆమె చెయ్యి తగల్లేదు. తన పిండిచేతికి జారిన పిస్తోలు ఒక్కటైనా మత్తయ్య అమ్మనిచ్చాడా అని వెతుక్కుంది. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

లేచి, పిండిచేత్తోనే ముందుగదిలోకి వచ్చింది.

"బాల్‌రాజూ, గా తెల్లది ఇటియ్యి."

"పెద్దమ్మా, చెయ్యి కడుక్కో..."

"కడుక్కుంటే పనికిరాదు."

ఖాళీగా ఉందని తన కళ్లతో చూసుకొని లాగింది. తొడుగు సగం దాకా వచ్చి చేతిలోంచి జారి టప్పున మూసుకుంది. మళ్లీ లాగింది. మళ్లీ జారింది. నున్నటి నికెల్ మీద వేలికి పట్టు లేదు. చిన్న సేఫ్టీ మీట పిండికి అసలు కదల్లేదు.

"అరే అమ్మా! పాలిష్ మొత్తం ఖరాబ్ అయితది!" నిసార్ లబలబలాడాడు.

ఆమె నల్లది తీసుకుంది. లోతుగా గీతలు కోసిన తొడుగు ఒక్క గుంజుకే వెనక్కి వచ్చింది.

మల్లప్ప పకపకా నవ్వాడు. "బాగుందక్కా! తొవ్వల దొంగలొస్తే నేను రొట్టెలు చేస్తుంటనా?"

"రొట్టెలు చెయ్యవు గని, చెమటలైతే పడుతవు గద తమ్మీ? గా మూలకున్న నీళ్ల బిందెల చేతులు ముంచి నువ్వే లాగు."

నవ్వుతూనే ముంచాడు. తెల్లది రెండుసార్లు జారింది. మూడోసారికి నవ్వు ఆగింది. నల్లది మొదటిసారికే వచ్చింది. ఆయన గోడ వైపు చూస్తూ పంచెకు చేతులు తుడుచుకున్నాడు. బహుశా జీపు గుర్తుకొచ్చి ఉంటుంది.

"క్లబ్బుకైతే తెల్లదే మంచిది. బాల్‌రాజ్ చెప్పింది తప్పుకాదు," అంది రాహేలమ్మ. "ఆడ తువ్వాల ఉంటది, నీడ ఉంటది, నిమ్మళంగ కాల్చొచ్చు. ఒక్కటే కొంటనంటే మాత్రం నల్లది. గురి నేర్చుకుంటే వస్తది. జారే చెయ్యిని ఏం జేస్తవు?"

మరునాడు తాండూరులో పాడుబడ్డ గని గుంతలో బాల్‌రాజ్ ఎదుటే మల్లప్ప నల్లదానితో నలభై గుండ్లు కాల్చాడు. గురి ఊరంతా తిరిగింది గాని ఒక్క గుండూ ఇరుక్కోలేదు. దాన్నే కొన్నాడు.

అది మరునాటి మాట. ఆ పొద్దున మాత్రం నిసార్ గుర్రుగా తెల్లదాన్ని తుడుచుకొని, మల్లప్ప వెంట బయటికి నడిచాక, బాల్‌రాజ్ పెద్దమ్మ వైపు తిరిగాడు.

"పెద్దబాపు నిన్ను ఆటపట్టిస్తుండు అనుకున్న పెద్దమ్మా. పరీక్ష అనుకోలే."

"నేన్గూడ గట్లనే అనుకున్న కొడుకా. పన్నెండేండ్లు తిట్టిన. ముసలోడు గా ముక్క చెప్పి సావలె గద!"

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు ముందు ఆగింది.

బల్ల మీద ఐదు వేళ్ల పిండిముద్ర, పక్కనే అరచేతి మరక, అప్పుడే ఆరుతున్నాయి. అలవాటుగా మేకుకు వేలాడుతున్న గుడ్డ తీసి వంగింది. తుడవకుండానే గుడ్డను మళ్లీ మేకుకే తగిలించింది.

"నేను తుడుస్త తియ్యి," అన్నాడు బాల్‌రాజ్.

"ముట్టకు," అని ఆమె రొట్టెలు చేయడానికి లోపలికి పోయింది.