సీసం అతుకు

వెర్న్ హలుస్కా ఆ కారు కొన్నది అరవై మూడో ఏట. అంతకుముందు బానెట్ ఎత్తి ఆయిల్ చూడటం తప్ప కారు పని ఏదీ ఆయనకు రాదు. మా ఊరు లాన్సింగ్‌లోనే ఒక హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు నేలలు తుడిచి, బాయిలర్ చూసుకుని, చలికాలం మెట్లమీద మంచు ఎత్తిపోసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు కొరీన్‌తో కలిసి ఉంటాడు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు కంచె ఒకటే అడ్డం.

కారు 1961 నాటిది. మేసన్ అనే పక్క ఊరి దగ్గర ఎవరిదో కొట్టంలో ఎండుగడ్డి మోపుల వెనక ఇరవై ఏళ్లు పడి ఉంది. ట్రక్కుమీద దిగిన రోజు అందులో సీట్ల కన్నా ఎలుక గూళ్లే ఎక్కువ. వీధిలో వాళ్లు వచ్చి చూసి, కోళ్లను కూడా కలిపే ఇచ్చారా అని అడిగారు. వెర్న్ పట్టించుకోలేదు. సరిగ్గా ఇలాంటి కారు కోసమే ఆయన మూడేళ్లు వెతికాడు. ఈ మోడలే కావాలి, ఈ ఏడాదిదే కావాలి, మా ఊరి ఫ్యాక్టరీలో తయారైనదే కావాలి. ఆ ఏడు ఆ ఫ్యాక్టరీలో కారు కప్పుకూ వెనక భాగానికీ మధ్య అతుకులు పూడ్చినవాళ్లలో ఆయన తండ్రి స్టీవ్ ఒకడు.

ఇప్పుడు లప్పం పెట్టే చోట అప్పట్లో సీసం పెట్టేవారు. మంట చూపించి, మెత్తబడిన సీసాన్ని కొయ్య తెడ్డుతో వెన్న పూసినట్టు అతుకులోకి అదిమేవారు. చల్లారాక ఆకురాయితో నున్నగా రాచేవారు. స్టీవ్ వాడిన తెడ్డు వాళ్ల వంటింటి గోడకు ఉంది. బొటనవేలు ఆనిన చోట చిన్న గుంట పడి ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్లు చేసే తప్పులన్నీ వెర్న్ చేశాడు. విప్పిన బోల్టులన్నీ ఒకే బకెట్టులో పోశాడు. ఏది ఎక్కడిదో తెలియక నెల రోజులు తల పట్టుకున్నాడు. చివరికి కొరీన్ వంటింట్లోంచి కప్ కేకులు చేసే పళ్లేలు తెచ్చి, గుంటకు ఒక రకం చొప్పున అన్నీ వేరుచేసి పెట్టింది. ఆమె కొలతలు చదవలేదు గానీ, రెండు బోల్టులు వేలితో తడిమి ఒకే కొలతవో కావో చెప్పేస్తుంది.

కొరీన్‌కు యాభై తొమ్మిది. చదవడం రాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక మాట దొరక్క ఆగిపోతుంది. అది దొరికేదాకా ఎదుటివాళ్ల చేయి పట్టుకునే ఉంటుంది. ఆమె ఎందుకలా అయిందో వీధిలో అందరికీ తెలుసు, ఎందుకంటే వెర్నే చెబుతాడు. ఆయనకు తొమ్మిదేళ్లు, ఆమెకు ఐదు. గుట్టమీద వద్దని తల్లి చెప్పినా వినకుండా చెల్లెల్ని మంచుమీద జారే మంచుబండి మీద కూర్చోబెట్టి వదిలాడు. బండి వెళ్లి స్తంభానికి గుద్దుకుని ఆమె తలకు దెబ్బ తగిలింది. మరుసటి ఏడు బడిలో వేస్తే ఆమెకు అక్షరాలు నిలవలేదు. "బండి తాడు నా చేతిలోనే ఉంది" అంటాడు, నిన్న వాన పడిందన్నంత మామూలుగా. పెళ్లి ఎందుకు చేసుకోలేదో ఆ తర్వాత ఎవరూ అడగరు.

నేను కౌంటీ నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. కుళాయి నీళ్లలో సీసం ఎంతుందో కొలవడం నా పని. మా పాప ఈడీకి అప్పుడు పద్నాలుగు నెలలు, అప్పుడే నడక వచ్చింది. దాని ఊయల మరలు, పొయ్యి గ్యాసు, తాగే నీళ్లు, అన్నీ రెండేసిసార్లు చూసుకుంటేగానీ నాకు తోచదు. వెర్న్ నన్ను సైంటిస్టమ్మా అని పిలిచేది అందుకే.

ఏప్రిల్ చివర ఒక శనివారం మధ్యాహ్నం పక్కింటి గ్యారేజీలో రంగు రాచే మెషీన్ మోత మొదలైంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. పెరట్లోకి చూస్తే ఈడీ కంచె పట్టుకుని నిలబడి మోత వైపు తల ఊపుతోంది. ఒక చేయి కంచెమీద, ఒక చేయి నోట్లో. కంచె పైకర్రమీద సన్నటి బూడిద రంగు పొడి. వేలితో గీస్తే గీత పడింది. రంగు పొడికి ఆ మెరుపు ఉండదు.

పిల్లను చంకన వేసుకుని లోపలికి పరిగెత్తి చేతులు, మూతి, మెడ కడిగాను. మళ్లీ కడిగాను. దాన్ని మా ఆయనకు అప్పగించి గ్యారేజీకి వెళ్లేసరికి వెర్న్ కారు కప్పు మూల ఒక జానెడు మేర రంగంతా రాచేసి, బయటపడ్డ వెండి రంగు అతుకును అరచేత్తో నిమురుతున్నాడు. ముఖానికి గుడ్డ కూడా లేదు.

"చూడమ్మా, మా నాన్న చెయ్యి" అన్నాడు. "అరవై ఏళ్లయినా వెంట్రుకంత బీట లేదు."

మెషీన్ ఆపమన్నాను. ఎలా అన్నానో నాకు గుర్తులేదు. ఆయన మాత్రం వెంటనే ఆపి ప్లగ్గు పీకేశాడు. అది సీసమనీ, తడపకుండా రాపిడి పెడితే గాల్లోకి లేస్తుందనీ, పెద్దవాళ్లకన్నా చిన్నపిల్లలకు చేటనీ చెప్పాను. బొమ్మలమీదా చేతులమీదా పడి నోట్లోకి పోతుంది. ఎదిగే మెదడును తింటుంది, అది మళ్లీ తిరిగి రాదు. బట్టలకంటిన పొడి చాలు, ఇంటికి మోసుకుపోవడానికి అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

వెర్న్ తన చొక్కా వంక చూసుకున్నాడు.

"నాన్న అలాగే వచ్చేవాడు. ఫ్యాక్టరీలో వేసుకున్న ఆ ఓవరాల్స్‌తోనే" అన్నాడు. "తలుపు తీయగానే కొరీన్‌ను ఎత్తుకునేవాడు. పేపరు చదువుతున్నంతసేపూ అది ఒళ్లో కూర్చుని ఓవరాల్స్ పట్టీ బకిల్ చీకేది. దానిమీద పళ్ల గాట్లు కూడా ఉన్నాయి. అమ్మ అందరికీ చూపించి నవ్వేది."

కొరీన్ అక్కడే బోల్టుల పళ్లెం ముందు కూర్చుని ఉంది. "బకిల్ బాగుండేది" అంది, తలెత్తకుండా.

సోమవారం ఈడీకి రక్తపరీక్ష చేయించాను. ఫలితం రావడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ వెర్న్ తడిగుడ్డతో మా కంచె, మెట్లు, ఈడీ జారుడుబల్ల తుడుస్తూనే ఉన్నాడు. పెరట్లో పైపొర మట్టి కూడా ఎత్తి సంచుల్లో కట్టాడు. గురువారం ఫోనొచ్చింది. అంకె చిన్నదే, భయపడాల్సింది లేదన్నారు. దశాంశ బిందువు ఎక్కడుందో రెండుసార్లు చదివించుకుని కంచె దగ్గరికెళ్లి చెప్పాను. వెర్న్ తడిగుడ్డ పిండి కంచెమీద ఆరేశాడు. అప్పట్లో కొరీన్‌కూ ఇలాంటి పరీక్ష ఉండి ఉంటే తెలిసేదా అని అడిగాడు.

ఇప్పుడైనా కొంత తెలుస్తుందని చెప్పాను. సీసం నెత్తుట్లోంచి పోయినా ఎముకల్లో ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. మోకాలి కింది ఎముకను నొప్పి లేకుండా యంత్రంతో చూసే యూనివర్సిటీలున్నాయి, కనుక్కుంటానన్నాను. ఎక్కువుంటే అదే కారణమని గట్టిగా చెప్పలేం గానీ, మంచుబండి ఒక్కటే కాదని మాత్రం చెప్పొచ్చు అన్నాను. ఆయనకు మేలు చేస్తున్నాననుకున్నాను. ఆ ఊపులోనే, దెబ్బ తగలకముందు కొరీన్ బాగా మాట్లాడేదా అని కూడా అడిగేశాను.

వెర్న్ చెల్లెలి వైపు తిరిగాడు. కంచె అవతల కొరీన్ ఉతికిన గుడ్డలు ఆరేస్తోంది. ఒక్కో గుడ్డకు సరిగ్గా రెండు క్లిప్పులు.

"సిగ్గరి అనేది అమ్మ" అన్నాడు. "నాలుగేళ్లొచ్చినా సరిగ్గా మాట్లాడకపోతే సిగ్గే అనుకున్నాం."

నేను కనుక్కున్న యూనివర్సిటీ ఫోన్ నంబరు కాగితం ఆయన జేబులో వారం రోజులుంది. తర్వాత మడత చెదరకుండా నా చేతికిచ్చాడు.

"వద్దమ్మా. ఇన్నేళ్లూ నేనే మోశాను, నాకు అలవాటే. ఇప్పుడు తీసి పోయిన నాన్న నెత్తిన పెడితే, అటునుంచి ఆయనేం చెప్పుకుంటాడు? వచ్చీరాగానే బిడ్డను ఎత్తుకోవడం తప్ప ఏం చేశాడాయన?"

మరి అతుకు సంగతేమిటని అడిగాను. మిగతాది గీకకుండా, ప్రైమర్ కొట్టి రంగు వేసేస్తానన్నాడు. నాన్న పని లోపలే ఉంటుందన్నాడు. మిగతా మే నెలంతా ఆ పనే. ముఖానికి మాస్కు, తడిగుడ్డ, గ్యారేజీలోనే విడిచే బట్టలు. ఇంట్లోకి వెళ్లేముందు పెరటి కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కునేవాడు. పూర్తయ్యేసరికి కారు లేత ఆకుపచ్చగా, నీళ్లలోంచి అప్పుడే తీసినట్టుంది. అతుకు ఎక్కడో వెతికినా దొరకదు.

మొదటిసారి కారు బయటికి తీసిన రోజున ఆయన నాకొక చిన్న గాజు సీసా ఇచ్చాడు. మూత చుట్టూ టేపు. లోపల మట్టి రంగుకు తిరిగిన బకిల్, దానిమీద చిన్న చిన్న పళ్ల గాట్లు.

"ఇంట్లో ఉంచలేను, పారేయలేను. నీ ల్యాబులో పెట్టు" అన్నాడు. "కొలవొద్దు."

కొలవలేదు. నా బీరువాలో పై అరలో ఉంది. నీళ్లలో సీసం కొలిచే మెషీన్ అక్కడికి ఆరడుగులు. ఊళ్లో వాళ్ల నీళ్లన్నీ అందులో పోసి అంకెలు రాస్తాను. సాయంత్రం బీరువా తాళం వేసేటప్పుడు మాత్రం పైకి చూడను.

ఇంటికి రాగానే వెనక వరండాలో బట్టలు మార్చి, చేతులు కడిగి, అప్పుడే ఈడీని ఎత్తుకుంటాను. నాలుగైదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ అది జాలీ తలుపుకు ముఖం ఆనించి చేతులు చాపి ఏడుస్తుంది. ఇవాళా అంతే. అవతల వెర్న్ కారు తుడుస్తున్నాడు. కొరీన్ కంచె మీదికి వంగి నన్నే చూస్తోంది.

"ఎత్తుకోవచ్చుగా పాపం" అంది. "మా నాన్నయితే..." మాట కోసం ఆగింది. పట్టుకోవడానికి నా చేయి అందక కంచె కర్ర పట్టుకుంది. "వచ్చీరాగానే ఎత్తుకునేవాడు."

వెర్న్ గుడ్డ కారు కప్పు మూల దగ్గర ఆగింది. మళ్లీ కదలలేదు. నేను కుళాయి కింద చేతులు రుద్దుకుంటూనే ఉన్నాను.