నా ఇంగ్లీషుకు అవ్వ కొట్టిన ఊ

పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు పోయింది నాకు. సప్లిమెంటరీ రాస్తే అందులోనూ పోయింది. ఇక బాపు గట్టిగానే చెప్పేశాడు.

"మల్లొక్కసారి రాయి, గిదే ఆఖరు బిడ్డా. పాసైతివా, ఇంటర్ల చేర్పిస్త. కాకపోతివా, సప్పుడు జెయ్యక మీ అవ్వ పక్కన చాట పట్టుకొని కూసో."

బీడీలంటే నాకు చిన్నచూపేం లేదు. నిజామాబాద్‌లో మా గల్లీలో బీడీల చాట లేని ఇల్లే ఉండేది కాదు. బడి నుంచి రాగానే అమ్మకు, మా మాటలో అవ్వకు, నేనూ ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. కానీ బతుకంతా అదే అంటే గుండె జారిపోయేది. నాకు కాలేజీకి పోవాలని మహా పిచ్చి. పుస్తకాలు గుండెకు హత్తుకుని నడవాలని, క్యాంటీన్‌లో స్నేహితులతో సమోసా తినాలని. చదువుకోవాలని కూడా అనుకోండి.

నా కొంప ముంచింది ట్యూషన్ సారు మాట. వాక్యాలను కలపడానికి పెద్ద పెద్ద మాటలు వాడితే మార్కులు పడతాయన్నాడు. మోర్ఓవర్, దేర్‌ఫోర్, నెవర్ద్‌లెస్. బీడీకి దారం చుడుతూ వాటిని బట్టీ పట్టాను. పెళ్ళికూతురికి బాసింగం కట్టినట్టు ప్రతి వాక్యం నెత్తినా ఒకటి కట్టేదాన్ని. అర్థం సంగతి ఎవరు చూశారు?

మా పైగదిలో ఒక అక్క అద్దెకుండేది. సిరికొండ వైపు మనిషి, ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఒక ఆదివారం నేను రాసిన వ్యాసం చదివి, నవ్వాపుకోలేక మెట్ల మీదే కూలబడింది.

"గిదేంది చెల్లె! మీ బాపు పొడుగున్నడట, గందుకని చాయ్ తాగుతడట!"

"సారు పెట్టుమన్నడక్కా, దేర్‌ఫోర్."

"పెట్టుమంటె ఏడ పడితె ఆడ పెడ్తవా? ఉప్పు ఎయ్యమంటె చాయ్‌ల గూడ ఏస్తవా?"

నాకు ఏడుపొచ్చింది. అవన్నీ తీసేస్తే నా దగ్గర మిగిలేది అండ్ ఒక్కటే. తెలుగులో మనం పోయి, కొని, తిని, వచ్చి అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం కదా. అదే ఇంగ్లీషులో చెప్పబోతే అండ్ వెనక అండ్, దాని వెనక ఇంకో అండ్, గూడ్సు బండిలాగా.

అక్క నా మొహం చూసి నవ్వు ఆపేసింది. అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ పక్కన నన్ను కూర్చోబెట్టింది.

"పుస్తకం మూసెయ్. మొన్న మీ బాపుతోని బోధన్ పోయొస్తివి గదా, గా ముచ్చట చెప్పు. పెద్దమ్మా, నువ్వు ఊ కొట్టు."

బీడీలు చుట్టే చోట ఒకరు ముచ్చట చెబితే మిగతావాళ్ళు ఊ కొట్టాలి. చేతులు ఆగవు, కళ్ళు పైకి లేవవు, ఊ మాత్రం వస్తూనే ఉంటుంది. ఊ ఆగిందంటే ముచ్చటలో ఏదో కుదరలేదన్నమాట.

"పొద్దుగాల్నే బస్సెక్కినం," అన్నాను.

"ఊ."

"పొద్దూకినంక చిన్నమ్మ ఇంటికి చేరినం."

ఊ రాలేదు. అవ్వ తలెత్తింది. "గదేందే? గంటల చేరే ఊరాయె. బోధన్ పోయిండ్రా, బొంబాయి పోయిండ్రా?"

అక్క చిటికె వేసింది. "సూసినవా, మీ అవ్వ అవాక్కయింది. ఆడ బట్ పెట్టు."

"గంత ఆలస్యం ఎందుకైందే?" అంది అవ్వ.

"చెరుకు లారీ రోడ్డుకు అడ్డం పడ్డది."

"ఎందుకని అడిగింది. ఆడ బికాజ్," అంది అక్క.

"మరి మీరేం జేసిండ్రు?" అవ్వే మళ్ళీ అడిగింది.

"దిగి నడిసినం."

"ఆడ సో."

"దారిల చెరుకు గూడ తిన్నం."

"ఊ," అంది అవ్వ.

"ఉట్టి ఊ అన్నదంటె అండ్ సాలు. అసలేం పెట్టకున్నా నడుస్తది," అంది అక్క.

అవ్వ మురిసిపోయింది. "ఏందే, నాకు గింత ఇంగ్లీషొస్తదా!"

ఆల్దో కూడా అక్క అట్లాగే చెప్పింది. అవ్వ అవాక్కవకుండా ముందే హెచ్చరించాలంటే ఆల్దోతో మొదలుపెట్టాలి. పెట్టాక మళ్ళీ బట్ పెట్టకూడదు. "ఒక్క ముచ్చటకు మీ అవ్వ రెండుసార్లు అవాక్కయితదా?" అనేది.

పరీక్ష దాకా ఇదే పని. నేను తెలుగులో చెప్పడం, అవ్వ అడ్డుపడటం, అక్క దాన్ని ఇంగ్లీషులో అల్లించడం. అవ్వ ఎంత అలవాటు పడిందంటే, నీళ్ళు రాలేదని చెప్పినా "ఎందుకని?" అనేది. విసుగొచ్చేది నాకు.

పరీక్షలో వానరోజు గురించి రాయమన్నారు. మొదటి వాక్యం రాయగానే నెవర్ద్‌లెస్ కోసం చెయ్యి దురద పెట్టింది. అవ్వ ఏమడుగుతుందా అని ఆలోచించాను. ఏమీ అడగదు, ఊ అంటుంది. అయితే అక్కర్లేదు. తర్వాతి వాక్యానికి ఎందుకని అడుగుతుంది. బికాజ్ రాశాను. కాగితం నిండింది. చదువుకుంటే, మొదటిసారి, నేను రాసింది నాకే అర్థమైంది.

ఫలితాలొచ్చిన రోజు బాపు హోటల్లో పేపరు చూసి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, మెల్లగా అన్నాడు.

"ఉన్నది నీ నెంబరు."

"మంచిగ చూసినవా బాపు?"

"నేను చూసిన, హోటలాయనతోని గూడ చూపిచ్చిన."

ఆ మధ్యాహ్నం చింతపులుసుతో ఎంత అన్నం తిన్నానో! తిని, అక్కడే గోడకు ఒరిగి నిద్రపోయాను. ఎవరూ లేపలేదు.

కాలేజీలో చేరేటప్పుడు కౌంటరు దగ్గరాయన, "ఏ మీడియం? ఇంగ్లీషా, తె..." అంటున్నాడు.

"తెలుగు," అన్నాను, ఆయన మాట పూర్తికాకముందే. పక్కనే ఉన్న బాపు ఫక్కున నవ్వాడు.