ఈశ్వరమ్మకు తట్ట ఎవరు మోస్తారు?

ఈ ఉదయం ప్రార్థన ముగించి బాల్కనీ తలుపు తీయగానే పచ్చి సిమెంటు వాసన గదిలోకి వచ్చింది. కొండాపూర్‌లో మా ఇంటి ఎదుట మరో అపార్ట్‌మెంటు లేస్తోంది. పేపర్లోనూ అదే సంగతి: కట్టడం పనులకు మనుషులు దొరకడం లేదట, తాపీ పనిలో ఆడవాళ్లకు శిక్షణ ఇస్తున్నారట. చదివి నవ్వుకున్నాను. ఆ శిక్షణ మా యాదగిరి సార్ ఏనాడో మొదలుపెట్టారు.

నేను గుంటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీ వెనుక ఒక సైటులో ఇంజనీరుగా చేరినప్పుడు ఆయనే నా పైఅధికారి. సిద్దిపేట మనిషి, గొంతు పెద్దది. పని మొదలయ్యే ముందు నేను ఓ మూల నిలబడి కళ్లు మూసుకుంటే ఆ గొంతు కూడా ఆగేది. కళ్లు తెరవగానే, "అయిందా అమ్మా? మన లిఫ్టు బాగుపడాలని గూడ చెప్పినవా?" అని అడిగేవారు.

"చెప్పాను సార్."

"అయితే ఇగ ఫికర్ లేదు."

ఒక ఎండాకాలం, ఊళ్లకు వెళ్లిన ఒడిశా, బీహార్ మేస్త్రీలు తిరిగి రాలేదు. వేరే నగరాల్లో పని దొరికిందట. ప్లాస్టరింగు దాదాపు ఆగిపోయింది. మిగిలిన కొద్దిమందిలో పాలమూరు బాలయ్య ఒకడు. అతని భార్య ఈశ్వరమ్మ, పెళ్లయిన నాటి నుంచి అతనికి సిమెంటు, ఇసుక మాలు కలిపి తట్టలో మోసి అందించేది. ఆమె ఒకరోజు సార్ దగ్గరికి వచ్చింది.

"నాకు గూడ తాపీ ఇయ్యి సారూ. పగటీలి బువ్వ తిని వీళ్లు పండుకుంటే వెనక గోడ మీద నేర్చుకున్న. తట్ట మోసి మోసి మెడ పోయింది. ఇగ మోసుడు నాతోని కాదు. తాపీ ఇయ్యకుంటె ఊరికి పోవుడే."

సార్ ఆమెకు తాపీ ఇచ్చి ఒక గోడ చూపించారు. చిక్కు అక్కడే వచ్చింది. మేస్త్రి అన్నాక మాలు అందించే మనిషి కావాలి. తక్కిన ఆడవాళ్లంతా తమ భర్తలకు అందిస్తున్నారు. ఖాళీగా ఉన్న మగకూలీలు కదల్లేదు.

"ఆడమనిషి చేతి కింద పని చేయాల్నా సారూ?" అన్నాడొకడు.

"మరి రొట్టె ఎవరి చేతిది తింటున్నవ్‌రా?"

అందరూ నవ్వారు కానీ ఎవరూ లేవలేదు. బాలయ్య అటు తిరిగి తన గోడ రుద్దుకుంటున్నాడు. ఈశ్వరమ్మ తాపీ పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కలుపుకున్న మాలు గట్టిపడుతోంది.

సార్ తన ఫోను నా చేతికిచ్చి, తట్ట నింపి నెత్తిన పెట్టుకున్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీదికి సిమెంటు నీళ్లు కారుతున్నాయి. "మేస్త్రమ్మా, మాలొచ్చింది! ఏడ పెట్టాలె?"

రెండో తట్టకు బాలయ్య తాపీ పడేసి పరుగున వచ్చాడు. "దింపు సారూ! నువ్వు మోస్తే మా ఊర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ కోసమా, పెండ్లాం కోసమా?"

"రెండిటికీ! జర దింపు!"

తట్ట అతని నెత్తికి మారింది. ఈశ్వరమ్మ తల తిప్పకుండానే, "జల్ది తే, ముచ్చట్లు తర్వాత," అంది. అచ్చం ఇన్నాళ్లూ ఆమెను తొందరపెట్టిన బాలయ్య గొంతే! సైటంతా గొల్లుమంది, బాలయ్యతో సహా. సాయంత్రం ఆమె గోడలో ఒక మూల ఉబ్బిందని సార్ చెక్కించి మళ్లీ చేయించారు. మేస్త్రీలందరికీ అదే లెక్క. మర్నాటి నుంచి ఆమె సైటుకు మేస్త్రమ్మ.

మా చర్చి సంఘంలో సేవ గురించి చాలా ప్రసంగాలు విన్నాను. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన ఘట్టాన్ని ఆదివారాల్లో పిల్లలకు నేనే చెబుతాను. చెప్పేటప్పుడు నా కళ్లకు కనిపించేది మాత్రం గుడికి వెళ్లే ఒక హిందువు, తడిసిన ఆయన తెల్లచొక్కా. దేవుడు ఎవరి చేత పాఠం చెప్పిస్తాడో ఆయన ఇష్టం.

సార్ ఇప్పుడు లేరు. నేనే ఒక సైటు చూస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి మొదటిసారి క్రేను ఎక్కింది. కింద నిలబడి ఆమెకు సైగలు చేయమంటే మగవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నేను హెల్మెట్ బిగించుకుని వెళ్లి నిలబడి, పైకి చేయి ఊపాను.