కట్టెల కొట్టంలో బాలింత

తుపాను అంటే సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళ బాధ అని మా ఎల్లారెడ్డిలో అనుకునేవాళ్ళు. సముద్రం చూసిన మనిషి మా వాడలో ఒక్కడూ లేడు. కోస్తాలో లేచిన గాలివాన మాదాకా వచ్చేసరికి మూడు నాలుగు రోజుల ముసురయ్యేది. మట్టిగోడలు నాని కూలేవి. బస్సు నడిచేది కాదు. దుకాణంలో గాసునూనె అయిపోతే ఊరంతా చీకట్లో కూర్చునేది.

అవి యుద్ధం రోజులు. గాసునూనె చీటీ ఉన్నవాళ్ళకే ఇచ్చేవాళ్ళు. నేను కామారెడ్డిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. పగలు దావాలు రాసేవాణ్ణి, సాయంత్రం పఠన మందిరంలో మూఢాచారాల మీద వాదించేవాణ్ణి. నాతో వాదానికి దిగి నెగ్గినవాడు లేడని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది.

దసరా దాటిన కొన్నాళ్ళకు, కోస్తాలో పెద్ద గాలి లేచిందనీ, అది ఇటే వస్తున్నదనీ రైలు స్టేషనుకు తార్, అదే టెలిగ్రాం, వచ్చింది. వకీలు గారి చీటీ మీద ఒక డబ్బా గాసునూనె సంపాదించాను. అగ్గిపెట్టెలు, కందిలికి కొత్త గ్లాసు కొనుక్కుని ఆఖరి బస్సులో ఇల్లు చేరాను. పంచాంగం చూసి వాన వస్తుందో రాదో తేల్చే మా వాడవాళ్ళ మధ్య, తార్ చూసి వచ్చిన మనిషినని గర్వం.

మర్నాడు పొద్దున్నుంచీ ఇల్లు సర్దుకున్నాం. బాపు, అంటే మా నాన్న, కప్పెక్కి, జరిగిన గూన పెంకులు సరిచేశాడు. మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేది. ఆమె జొన్నల గుమ్మి కింద రాళ్ళు పెట్టించి ఎత్తు చేయించింది. పచ్చడి జాడీలు, పిడకలు, వడ్ల బస్తాలు లోపలికి చేర్చింది. వెనక కొట్టంలో ఉన్న కట్టెలు తడవకుండా ఇంట్లోకి చేరవేయడం నా వంతు.

ఆ కొట్టం సంగతి చెప్పాలి. పైన గడ్డి, చుట్టూ మట్టిగోడ, తలుపు లేదు. సగంలో కట్టెలు. మిగతా సగంలో నులక మంచం మీద మా చెల్లె, ఆరు రోజుల పసిగుడ్డు. పురుడు కదా! పదకొండో రోజు దాకా బాలింత ఇంటి గడప తొక్కకూడదు. ఆమెను తాకినవాళ్ళు తలస్నానం చేయాలి. అక్కడికి పోయిన కందిలి మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. అందుకని రెండు కందిళ్ళూ ఇంట్లోనే ఉండిపోయాయి. చెల్లెకు ఒక బుడ్డి దీపం ఇచ్చారు. గాలి కాదు, మనిషి గట్టిగా ఊపిరి విడిచినా ఆరిపోయే దీపం అది.

కట్టెకు మాత్రం మైల అంటదట. మోపులుగా ఎత్తి ఆ మంచం పక్కనుంచే నడిచాను. ఎన్నిసార్లు నడిచానో! ప్రతిసారీ ధోవతి అంచు మంచానికి తగలకుండా పక్కకు ఒరిగాను. తగిలితే స్నానం చేయాలి, స్నానాలు చేస్తూ కూర్చుంటే వాన వచ్చేలోగా పని తెమలదు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూఢనమ్మకానికైనా ఒక భయం ఉంటుంది. నా ఒరగడానికి అది కూడా లేదు. తలుచుకుంటే నా మీద నాకే రోత.

చెల్లె మంచం మీది నుంచి చూస్తూనే ఉన్నది.

"కట్టెలన్ని ఒడిసినయా అన్నా?"

"ఒడిసినయి."

"తడుస్తయని తీస్కపోయినవు. మంచిగ చేసినవు," అని నవ్వి, పిల్ల తల మీదికి కొంగు లాగింది.

మెచ్చుకుందన్నట్టుగానే తలూపి వచ్చేశాను.

మధ్యాహ్నం దాటగానే చీకటి కమ్మింది. గాలికి వాకిట్లో తడకలు ఎగిరిపోయాయి. అవ్వ ఆవునూ, దూడనూ ఇంట్లోకి తోలించింది. చెల్లె కాన్పుకు ఒక్కరోజు ముందే ఆ ఆవు ఈనింది. దూడ కోసం నట్టింట్లో వరిగడ్డి పరిచి, నుదుట పసుపు పెట్టి, భయపడుతుందని పక్కనే ఒక కందిలి పెట్టింది. రెండోది వంటింట్లో వెలుగుతున్నది. వెనక కిటికీలోంచి చూస్తే కొట్టంలో బుడ్డి వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. ఆ తర్వాత వెలగలేదు.

కిటికీకీ కొట్టానికీ ఇరవై అడుగులు. నేను ఆ ఇరవై అడుగులు నడవలేదు. అవ్వ ఎదురుగా నిలబడి వాదం మొదలుపెట్టాను.

ఆవుకు లేని మైల మనిషికి ఎట్లా వచ్చిందని అడిగాను. ఆవు లక్ష్మి, దానికి మైల ఏందని అవ్వ. లక్ష్మి ఆడది కాదా అని నేను. పఠన మందిరంలో చప్పట్లు తెచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే తీశాను. అవ్వా తక్కువది కాదు. కామారెడ్డిల వకీలు ఇంట్ల రాసుడు నేర్చినవు గాని నువ్వు వకీలువు కాలేదు కొడుకా అని ఎత్తిపొడిచింది. బాపు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. బయట వాన కొడుతూనే ఉన్నది. మా మాటలు దానికి మించి వినిపించాలని ఇద్దరం గొంతు పెంచాం.

చివరికి అవ్వ అన్నది:

"నేను ఏడుగురిని గదే కొట్టంల కన్న. నాకేమైంది?"

"ఏడుగురిల ఎందరు దక్కిన్రే?"

దక్కినవాడు ఒక్కడే, గోడకు ఆనుకుని కూర్చున్న బాపు. అవ్వ అతని వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నది. గెలిచానని నాకు సంతోషమైంది. ముసలి మనిషి పోగొట్టుకున్న ఆరుగురు పిల్లల్ని బయటికి లాగి గెలిచాను. అప్పటికీ చెల్లె కొట్టంలోనే ఉన్నది.

వెనక తలుపు తోసుకుని ఆమే వచ్చింది. పిల్లను రవికె లోపల రొమ్ముకు అదుముకున్నది. చీర నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మా ఇద్దరి నడుమ నుంచే నడిచిపోయి, దూడ పక్కన గడ్డి మీద కూర్చున్నది.

"మీ పంచాయతి ఒడిసినంక చెప్పుండ్రి. అందాక గీడ కూసుంట."

బాపు లేచి కందిలిని ఆమె దగ్గరికి జరిపాడు. అవ్వ కొంతసేపు నిలబడి, నిప్పుల కుంపటిని కట్టెతో తోస్తూ, తోస్తూ, పిల్ల దాకా తెచ్చింది. చేత్తో మాత్రం ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి తన అన్నం తాను వేరుగా అరుగు మీద, వాన జల్లులో తడుస్తూ వండుకున్నది.

రెండో రోజు కొట్టం గోడ కూలి నులక మంచం మీద పడింది. నాలుగో రోజు వాన వెలిసింది. గోడ ఎక్కడ పడిందో చూసి కూడా అవ్వ ఆ ఆవు పేడే తెచ్చి, చెల్లె కూర్చున్న చోటు మూడుసార్లు అలికింది, ఇల్లంతా గోపంచితం చల్లింది. పక్కనే దూడ పోసిన ఉచ్చ ఎవరికీ మైల కాలేదు.

ఇంతవరకైతే అవ్వను చూసి అసహ్యించుకుని ఊరుకునేవాణ్ణి. కామారెడ్డి పోగానే పఠన మందిరంలో ఈ సంగతే మాట్లాడాను. నా ప్రశ్నలు, అవ్వ జవాబులు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆఖరున, వానలో పోయి చెల్లెనూ పిల్లనూ నేనే ఎత్తుకొచ్చానన్నాను. బల్లలు చరిచారు. ఒక పెద్దమనిషి లేచి నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ మాట పిట్లం దాకా పోయింది. చెల్లె మొగుడిది పిట్లం. ఇరవయ్యొకటో రోజుకు నేనూ ఇంటికి వచ్చాను. అతను పిల్లను చూడటానికి వచ్చి, అందరి ముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వే లోపటికి తెచ్చినవట గద బావా. నువ్వు లేకుంటే నా పిల్ల నాకు దక్కకపోతుండె."

నేను చెల్లె వైపు చూశాను. ఆమె పిల్లకు నూనె రాస్తున్నది. తల ఎత్తలేదు.

"అవు, తెచ్చిండు," అన్నది. "కట్టెలతోటి పాటు."