నా పెదవులు చేసింది జపం కాదు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పొట్టలోంచి ఏదో పైకి లేచినట్లయింది. మాడు వాసన వేసింది. చుట్టూ జరుగుతున్నదంతా ఇదివరకే జరిగిందనిపించింది. తేరుకునేసరికి బస్సు వెళ్లిపోయింది.

"టెన్షనమ్మా, రెస్ట్ తీసుకోండి," అన్నాడు దగ్గర్లోని డాక్టరు. ఇంట్లో వంట ఎవరు చేస్తారో మాత్రం చీటీలో రాయలేదు.

రెండోసారి సత్సంగంలో వచ్చింది. ఎల్‌బీ నగర్ వైపు కొత్తగా వెలిసిన మా కాలనీకి రోడ్డు లేదు, డ్రైనేజీ లేదు, ఆదివారం ఉపన్యాసం మాత్రం ఉంది. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన పదార్థమే శక్తి, శక్తే చైతన్యం, మనసూ దేహమూ ఒకటే అని చెబుతాడు. నేనూ బీయస్సీ ఫిజిక్సే కనుక అడ్డు తగులుతుంటాను. ఆ రోజు మా ఆయన పక్కన కూర్చుని వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయానట. చూపు నిలిచిపోయి, పెదవులు కదులుతూ, వేళ్లు కొంగు అంచును పీకుతున్నాయట.

"ఆవిడకి తెలియకుండానే జపం జరిగిపోతోందండీ! విశ్వశక్తిలో లీనమైపోయారు," అన్నాడాయన.

మర్నాడు పక్కింటి యాదమ్మ పూలు తెచ్చి నా కాళ్లకు మొక్కింది. జబ్బు అని మొత్తుకుంటే, "పెద్దోళ్లు గట్లనే అంటరక్కా," అని నవ్వింది.

పెద్ద డాక్టరుకు చూపించమంటే మా ఆయన కదల్లేదు. "దవాఖాన ఎందుకే? గంత చదువుకున్నాయన చెప్పిండు గదా!"

నేను చదువుకున్నది లెక్కలోకి రాలేదు.

ఒక పొద్దున పాలు దించుతుంటే మళ్లీ వచ్చింది. చేయి కాలింది, కిందపడి కొట్టుకున్నానట. అప్పుడు పిలిచారు ఆటోను.

మెదడు తరంగాలు చూసే ఈఈజీ నార్మల్ వచ్చింది. "చూసినవా?" అన్నాడు మా ఆయన. న్యూరాలజిస్టు తల అడ్డంగా ఊపాడు. "తీసేటప్పుడు ఫిట్ లేకపోతే నార్మల్ రావచ్చు. మీరేం చూశారో చెప్పండి."

"మొఖంల ఒక తేజస్సు, సార్."

"అది వద్దు. నోరు, చేతులు ఏం చేశాయి?"

మా ఆయన పెదవులు చప్పరించి, చొక్కా అంచు పీకి చూపించాడు.

"టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీ. మూర్ఛలో ఒక రకం," అన్నాడు డాక్టరు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీకు కలిగిన అనుభవం అబద్ధం కాదమ్మా. మెదడులో కరెంటు అదుపు తప్పితే అలాగే ఉంటుంది."

మాత్రలతో మొదట మత్తు, తూలుడు. డోసు మార్చాక ఫిట్స్ ఆగాయి. "మహానుభవాన్ని మాత్రతో పోగొట్టుకున్నారండీ," అని లెక్చరర్ ఇప్పటికీ విచారిస్తాడు. నా కోపం వేదాంతం మీద కాదు, అది ఇంకా చదువుతాను. మనసూ దేహమూ ఒకటేనని ఊదరగొట్టిన మనిషి ఎదురుగా ఉన్న నా దేహాన్ని చూడలేదు. ఏమైందమ్మా అని నన్ను అడగనూ లేదు.

మీకు ఇలా వస్తే, అప్పుడు పక్కనున్న మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చూసింది చూసినట్టు చేసి చూపించమనండి. అర్థాలు మాత్రం చెప్పనివ్వకండి.