నల్ల పావురాల తెల్ల పిల్ల

నా చిన్నప్పుడు మా సూర్యాపేట ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా మేనత్తది. నాయినకు అక్క. భర్త పోయి పుట్టింటికి వచ్చేస్తూ, ఆయన పెంచిన పావురాలను కూడా బండిలో వేసుకుని తెచ్చుకుంది. పెరట్లో చెక్కపెట్టెలతో వాటికి గూళ్లు కట్టించింది. మా నాయనమ్మకు ఆ పక్షులంటే గిట్టదు. రోజూ సణిగేది. అత్త ఒక్క మాటకూ లొంగేది కాదు.

నిజాం రాజ్యం పోయి, మా ఊళ్లో సిపాయిల క్యాంపు పడిన తరువాతి ఏడు, అమ్మ కాన్పుకు గరిడేపల్లిలోని పుట్టింటికి వెళ్లింది. చెల్లెలు పుట్టింది. కొన్నాళ్లకు చూడబోయిన నాయనమ్మ మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది. అమ్మా నాయినా ఇద్దరూ నల్లనివాళ్లు, వాళ్ల కళ్లూ నల్లనివే. చెల్లెలు మాత్రం తెల్లగా ఉంది. కళ్లు పిల్లికళ్లు.

"నల్లటోళ్లకు గసుంటి కండ్లెట్ల వస్తయి? సిపాయిలు ఎవరింటి ముంగట తిరిగిన్రో ఊరంత సూడలేదా?" అంది నాయనమ్మ.

ఆ మాట మా గోడ దాటి వీధిలో పడడానికి ఎంతోసేపు పట్టలేదు. నాయిన అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. తలవంచుకుని అన్నం తిని పొలానికి పోయేవాడు. మూడో నెలలో అమ్మను తీసుకురావలసిన బండి మా వాకిట్లోనే ఉండిపోయింది. ఆ మాటలకు అర్థం తెలిసే వయసు కాదు నాది. అమ్మను ఏదో తిడుతున్నారని మాత్రం తెలిసేది. నాయనమ్మ కలిపి పెట్టిన ముద్ద ముందు నోరు బిగించుకుని కూర్చునేదాన్ని.

ఒకనాడు అత్త నన్ను వెంటబెట్టుకుని గూళ్ల దగ్గరికి పోయింది. నల్ల పావురాల్లో ఏది పడితే అది తీయలేదు. ఇదివరకు ఒక్కొక్క దాన్నీ తెల్లదానితో జతకట్టించి చూసి ఉంది. ఎన్నిసార్లు పొదిగినా నల్లపిల్లలనే ఇచ్చినవాటిని పక్కకు నెట్టింది. తెల్లపిల్లను ఇచ్చిన ఒక నల్ల పోతును, ఒక నల్ల పెంటిని ఏరి నాకు చూపించింది.

"గీ రెండిట్ల తెలుపు దాక్కున్నది బిడ్డా. పైకి కనబడది. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు."

ఆ జంటను విడిగా ఒక గూట్లో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తెచ్చి నాయనమ్మ బొడ్లో దోపింది.

"జొన్నలు నువ్వే ఎయ్యి. నీళ్లు నువ్వే పెట్టు. ఇంకో పోతు లోపటికి పోతే జవాబు నీదే."

మొదటిసారి పొదిగిన రెండు గుడ్లలోనూ నల్లపిల్లలే వచ్చాయి. నాయనమ్మ వీధి అరుగు మీద కూర్చుని నలుగురికీ చెప్పి మరీ నవ్వింది. నాకు ఆ పావురాలను రాయి పెట్టి కొట్టాలనిపించింది.

రెండోసారి పొదిగినప్పుడు ఒక పిల్ల ముక్కు నల్లగా, ఇంకొకదాని ముక్కు గులాబీ రంగులో ఉంది. ఈకలు వచ్చేసరికి అది పాలలా తెల్లబడింది. నాయిన పొలం నుంచి రాగానే, కాళ్లయినా కడుక్కోనీయకుండా, అత్త దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఇది ఎవరి పిల్లరా తమ్మీ?"

"గీ జంటదే."

"తాళం ఎవరి బొడ్లె ఉండె?"

నాయిన తల తిప్పి నాయనమ్మను చూశాడు.

"మన అమ్మమ్మ కండ్లు నీకు యాదికి ఉండవు, సిన్నోనివి. నాకున్నయి. పిల్లికండ్లే! కన్నతల్లి కండ్లు అమ్మ మర్సిపోయిందా? తెలిసి గూడ కోడలి మీద గా మాట ఏసింది. నువ్వు నోరు మూసుకుని ఇన్నవు!"

అత్త గొంతుకు పావురాలన్నీ రెక్కలు కొట్టుకున్నాయి. నాయనమ్మ తాళంచెవి నేల మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే నాయిన బండి కట్టాడు. నేనూ ఎక్కాను. గరిడేపల్లిలో అమ్మ వాళ్ల చిన్నతాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బండి చప్పుడుకు తలెత్తాడు. ఆయనవీ అవే పిల్లికళ్లు. నాయిన ఎన్నోసార్లు ఆ ముసలాయన పక్కన కూర్చుని తిన్నవాడే.

నాయిన పావురాల సంగతంతా గబగబా చెప్పాడు. చెప్పి, అమ్మ నవ్వుతుందేమోనని చూశాడు. అమ్మ చెల్లెలిని భుజాన వేసుకుని నిలబడి మొత్తం విన్నది. ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసి అంది.

"మీ నాయిన పావురం మాట ఇన్నడు బిడ్డా. నన్నయితే అడగనే లేదు."

ఆ రోజు అమ్మ మాతో రాలేదు. ఖాళీ బండిలో తిరిగొచ్చాం. నాయనమ్మ వెళ్లి, ఆ గడప ముందు నిలబడి, తన నోటితో పిలిచిన తరువాతే అమ్మ వచ్చింది. అమ్మ అన్న మాట నేను అత్తకు చెప్పాను.

"నిజమే అన్నది. పక్షుల్ని సాక్ష్యం పెట్టుడేంది? మొదటి దినమే వాని చెంప పగలగొట్టాల్సింది" అంది.

రెక్కల చాటున దాగిన రంగును కనిపెట్టడం అత్త దగ్గరే నేర్చుకున్నాను. చాలా ఏళ్లు పావురాలను పెంచాను కూడా. ఇప్పుడు ఆ ఓపిక లేదు. అమ్మ కోపం మాత్రం నాలో చల్లారలేదు. ఏ ఇంట్లోనైనా ఒక ఆడమనిషి గురించి పెద్దలు కూర్చుని, ఆమెలో తప్పు ఉందా లేదా అని తర్కించడం చెవిన పడితే, పిలవకపోయినా మధ్యలోకి పోతాను. ఆమెను అడిగారా అంటాను. అడగలేదని తేలితే, ముందు లేవండి ఇక్కడినుంచి అంటాను.